పచ్చకొండల గ్రామసభ

వెర్మాంట్ అంటే ఫ్రెంచి మాటల్లో పచ్చకొండ. అమెరికాకు ఈశాన్యమూల, కెనడాను ఆనుకొని ఉన్న ఈ చిన్న రాష్ట్రానికి రాజధాని మాంట్‌పీలియర్. రాజధాని అనగానే పాఠకులు మహానగరాన్ని ఊహించుకోవద్దు. జనాభా ఎనిమిది వేలు. మన మండల కేంద్రాలే చాలావరకు అంతకంటె పెద్దవి. నేను వెళ్లేసరికి మేపుల్ చెట్లు కుంకుమ పోసినట్లు ఎర్రబడి ఉన్నాయి.

శాసనసభ గుమ్మటానికి బంగారు పూత. దానిమీద నిలిచింది యుద్ధదేవత కాదు, వ్యవసాయానికి అధిదేవత. మన ధాన్యలక్ష్మి అన్నమాట! కింద వాకిట మాత్రం పాలరాతి ఈథన్ అలెన్ ఉన్నాడు. 1775లో టికాండరోగా కోట పట్టిన ‘పచ్చకొండ కుర్రాళ్ల’ నాయకుడు. ఇక్కడి నేషనల్ గార్డును నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

ఈ గార్డులో చాలామంది మామూలు ఉద్యోగస్థులు, పనివాళ్లు. నెలకొక వారాంతం, ఏడాదికి రెండు వారాలు కవాతు చేస్తారు. రాష్ట్రానికొక ప్రమాణం, దేశానికొక ప్రమాణం. వరద వస్తే గవర్నరు పిలుస్తాడు. యుద్ధం వస్తే అధ్యక్షుడు పిలుస్తాడు. ఇరాక్ యుద్ధానికి ఆ రెండో పిలుపే వచ్చింది. చిన్న ఊళ్లలో నలుగురు వెళ్లినా లోటు వీధి వీధికీ తెలుస్తుంది.

ఏటా మార్చి మొదటి మంగళవారం ఇక్కడ గ్రామసభలు జరుగుతాయి. రోడ్ల మరమ్మతుకెంత, మంచు తొలగించడానికెంత అని జనమే చేతులెత్తి తేలుస్తారు. 2005 మార్చి 1న సుమారు 50 ఊళ్లలో ఈ పద్దులతోపాటు యుద్ధమూ చర్చకు వచ్చింది. గార్డును పంపడంవల్ల రాష్ట్రానికి కలిగే నష్టమెంతో విచారించమనీ, సైన్యాన్ని ఇంటికి రప్పించమనీ తీర్మానం. ఇరాక్ సంగతి మన ఊరి సభకెందుకన్నవారూ లేకపోలేదు. అయినా అత్యధిక గ్రామాలు ఔనన్నాయి.

ఈ తగాదా పాతదే. 1813లో గవర్నరు మార్టిన్ చిట్టెండెన్ పొరుగు రాష్ట్రంలో ఉన్న తన దళాన్ని వెనక్కు రమ్మంటే, అధికారులు రామన్నారు! 1980లలో మినెసోటా గవర్నరు రూడీ పెర్పిచ్ తన గార్డును మధ్య అమెరికాకు శిక్షణకు పంపనని కోర్టుకెక్కితే, 1990లో సుప్రీంకోర్టు కేంద్రం పక్షానే తీర్పిచ్చింది.

కనుక గ్రామాల తీర్మానం ఎవరినీ ఆపలేదు. 2010లో సుమారు 1,500 మంది వెర్మాంట్ గార్డులు అఫ్గానిస్తాన్ వెళ్లారు. 2023 జులైలో వినూస్కీ నది పొంగి మాంట్‌పీలియర్ బజారును ముంచినప్పుడు మాత్రం గార్డు ఇక్కడే ఉండి ఆదుకున్నది. ఆ నది వంతెన మీద నిలబడితే, నాడు చేతులెత్తినవారు అడిగినదేమిటో తేలికగా బోధపడుతుంది. కొడుకు మన ఇంట్లో వాడే. పంపేటప్పుడు మమ్మల్నొక మాట అడగండి అన్నారు, అంతే.

అటు వెళ్లేవారు ఆకులు రంగు మారే కాలమే చూసి వస్తారు. వీలైతే మార్చి మంచులో వెళ్లండి. సభలో ఓటుండదు గాని, వెనక బెంచీ మీద కూర్చోనిస్తారు. చాలా ఊళ్లలో మధ్యాహ్నం అందరూ తెచ్చిన వంటకాలతో బంతిభోజనం కూడా ఉంటుంది.