దేరా వీధుల్లో ఒక ప్రశ్న: 'బ్యాటరీ ఉందా?'

దుబాయి నగరాన్ని ఒక సముద్రపు పాయ రెండుగా విడదీస్తుంది. అరబ్బులు దానిని ఖోర్ అంటారు. ఒక ఒడ్డున బర్ దుబాయి, ఎదుటి ఒడ్డున దేరా. ఆకాశాన్నంటే భవనాలను చూడగోరే యాత్రికులు దేరాలో ఎక్కువసేపు నిలవరు. కాని కడప, రాయచోటి, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుండి బతుకుతెరువు కోసం వెళ్ళిన మనవారిలో చాలామందికి దుబాయి అంటే దేరాయే. నాయిఫ్ వీధులు, సబ్ఖా బస్సు స్టేషను, బనియాస్ కూడలి సెలవునాడు వారు కలుసుకునే చోట్లు.

ఈ వీధుల్లో మమ్మల్ని నిలబెట్టినవి బంగారు దుకాణాలు కావు, కార్గో దుకాణాలు. ఇరుకు గది, నేలపై తూకపు యంత్రం, గోడవారగా అట్టపెట్టెలు, ఎడతెగని టేపు చప్పుడు. పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు, సబ్బులు, కంబళ్ళు, పిల్లల బట్టలు పెట్టెలలోకి చేరుతుంటాయి. ఇంట్లోని ప్రతి మనిషి పేరునా అందులో ఏదో ఒకటి ఉంటుంది. మూత వేసే ముందు దుకాణదారు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "బ్యాటరీ ఉందా?"

మేము చూస్తుండగా ఒక యువకుని పెట్టె నుండి పవర్ బ్యాంకు, రిమోటుతో నడిచే బొమ్మకారు బయటికి వచ్చాయి. "ఆ కారు కోసమే పిల్లోడు నెలరోజులుగా అడుగుతున్నాడన్నా" అన్నాడతను. "కారు పంపుతాం తమ్ముడూ, దాని బ్యాటరీ తీసెయ్యి. బ్యాటరీ, పవర్ బ్యాంకు ఊరికి పోయేటప్పుడు నీ చేతిసంచిలో పెట్టుకో" అని దుకాణదారు బదులిచ్చాడు. పక్కనున్న వ్యక్తి నెమ్మదిగా, "కంబళి మడతలో పెడితే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. దుకాణదారు ఒప్పుకోలేదు.

ఎందుకు ఒప్పుకోకూడదో ఈ నగరానికి బాగా తెలుసు. 2010 సెప్టెంబర్ 3, రంజాన్ మాసపు శుక్రవారం. ఇఫ్తార్ ముగిసిన కొద్దిసేపటికి యూపీఎస్ సంస్థకు చెందిన బోయింగ్ 747 సరుకు విమానం దుబాయి నుండి జర్మనీలోని కొలోన్ నగరానికి బయలుదేరింది. సుమారు 22 నిమిషాలకు మంటల హెచ్చరిక మోగింది. పైలట్లు దుబాయి వైపు తిరిగారు. పొగ కమ్మి ఎదుటి పరికరాలే కనిపించని స్థితిలో, గంటలోపే విమానం నగర శివార్లలో కూలిపోయింది. ఇద్దరు పైలట్లూ మరణించారు. లిథియం బ్యాటరీలు, ఇతర మండే వస్తువులు కలిసి ఉన్న సరుకులో మంట చెలరేగిందని దర్యాప్తు తేల్చింది. ప్రమాదకర సరుకుగా ప్రకటించవలసిన బ్యాటరీ పార్సెళ్ళు కనీసం మూడు, ఆ ప్రకటన లేకుండానే విమానమెక్కాయి.

లిథియం బ్యాటరీ లోపల రెండు ధ్రువాల నడుమ పలుచని పొర, త్వరగా మండే ద్రవం ఉంటాయి. దెబ్బ తగిలినా, లోపముతో తయారైనా, ఆ పొర చిరిగి వేడి పుడుతుంది. ఒక సెల్ వేడి పక్క సెల్‌ను రగిలిస్తుంది. సరుకు గదిలోని మంటలార్పే వాయువు పైకి కనిపించే జ్వాలను అణచగలదు కాని, ఈ వేడి పాకడాన్ని ఆపలేదు. ప్రయాణికుల మధ్య పొగ లేస్తే సిబ్బంది వెంటనే చూసి నీళ్ళు పోయగలరు. సామాను గదిలో ఆ అవకాశం లేదు. పవర్ బ్యాంకు చేతిసంచిలో ఉండవచ్చుగాని అప్పగించే సూట్‌కేసులో ఉండరాదనే నియమానికి కారణమిదే.

2016 ఏప్రిల్ 1 నుండి విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాలలో సరుకుగా పంపడం అంతర్జాతీయంగా నిషిద్ధం. సరుకు విమానాలలోనైనా వాటి ఛార్జి 30 శాతం మించరాదు. అంతర్జాతీయ తపాలాలోనూ విడి బ్యాటరీలకు చోటు లేదు. పరికరంలో అమర్చి ఉన్నవాటికి కొంత వెసులుబాటు ఉన్నా, పంపే సంస్థ అంగీకారం తప్పనిసరి.

స్వయంగా తెచ్చుకునేవారికి ఒక చిన్న లెక్క అవసరం. పవర్ బ్యాంకుపై ఉండే ఎంఏహెచ్ అంకెను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 20,000 అయితే 74, సాధారణంగా అనుమతిస్తారు. 30,000 అయితే 111. వంద దాటింది కనుక విమాన సంస్థ ముందస్తు అనుమతి కావాలి. 160 దాటినవి అసలు తేరాదు. ఎమిరేట్స్ సంస్థ 2025 అక్టోబర్ 1 నుండి వంద వాట్ అవర్ల లోపు పవర్ బ్యాంకు ఒక్కటే తేనిస్తోంది, ప్రయాణంలో దాని వాడకాన్ని నిషేధించింది. ఉబ్బిన, దెబ్బతిన్న బ్యాటరీని ఏ సంచిలోనూ పెట్టరాదు. విడి బ్యాటరీల కొసలకు టేపు అంటించాలి.

ఇంటినుండి "ఆ పెట్టెలోనే వేసి పంపించు" అని పట్టుబట్టే ముందు మనం ఒక సంగతి గ్రహించాలి. ఆ పెట్టె ప్రయాణించే విమానంలో మరెవరి తండ్రో, మరెవరి బిడ్డో ఉంటారు. ఊరికి వచ్చే మిత్రుని సంచిలో మనవారు ఏదైనా పంపితే, అందులో బ్యాటరీ ఉన్నదని అతనికి ముందే చెప్పాలి. అతని ప్రాణమూ మనకు అమానతే. బొమ్మకారు బ్యాటరీ ఒక నెల ఆలస్యంగా వచ్చినా పిల్లవాడు ఆడుకుంటాడు.