బూట్ల కొనలు

స్వలింగ ప్రేమను దాచుకోని ఆంగ్ల చిత్రకారుడు డేవిడ్ హాక్నీ. ఆయన చిత్రాలు, ఛాయాచిత్రాలు కూర్చి తాషెన్ వారు 2016లో వెలువరించిన 'ఎ బిగ్గర్ బుక్' బరువు 35 కిలోలు. గ్రంథంతోపాటు దానిని నిలుపుకొనే పీట కూడ ఇచ్చినారు!

ఆ విస్తార కృషిలో నా మనస్సు రెండింటి వద్దనే నిలుస్తుంది. పురుషుల ప్రేమకు ఇంగ్లండులో కారాగారమే గతియైన 1961లో, ఒకరినొకరు హత్తుకొన్న ఇద్దరబ్బాయిలను ఆయన బాహాటంగా చిత్రించినాడు. చట్టం కొంత సడలినది 1967లో మాత్రమే.

రెండవది 1982 నాటిది. భర్త గతించిన నాలుగేళ్లకు, యార్క్‌షైర్‌లోని బోల్టన్ ఆబీ శిథిలాలలో కూర్చున్న తల్లిని ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీసి అతికించినాడు. నిదానంగా, కన్ను కదలినట్లే చిత్రం కదలుతుంది. దాని అడుగున కెమెరా పట్టినవాని బూట్ల కొనలు! మరొకరైతే కత్తిరించి పారవేసి ఉండేవారు. ఈయన ఉంచినాడు.