ఎండకు కాలిన మెడ



ఉపాధి హామీ పనికి, మిరప కల్లాలకు వెళ్లొచ్చినవారిని పలకరించినప్పుడు మేము తరచుగా వినే మాట, "నల్లటి ఒంటికి ఎండేం చేస్తుందిలెండి, అయ్యగారూ!" అది నిజం కాదు. మన చర్మం మీద ఎరుపు అంతగా కనబడదు గాని, మంట మాత్రం ఉంటుంది. మెడను, ముంజేతులను ముట్టుకుంటే వేడి, బిగుతు, నొప్పి తెలుస్తాయి. మరునాటికి అవి ఇంకా పెరుగుతాయి.

అందుకే ఇంటికి రాగానే చల్లని నీళ్లలో తడిపిన మెత్తని నూలుగుడ్డను 10 నుండి 15 నిమిషాలు వేసి ఉంచండి. ఐసుగడ్డ పెట్టకండి. కలబంద ఆకు కోసి, కారే పసుపు జిగురు కడిగేసి, లోపలి గుజ్జు పలుచగా రాయండి. వెన్న, టూత్‌పేస్టు రాయవద్దు. బొబ్బలు చిదమవద్దు. నీళ్లు, మజ్జిగ బాగా తాగించండి. పెద్ద బొబ్బలు లేచినా, వణుకుతో జ్వరం, వాంతులు, కళ్లు తిరగడం ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది వడదెబ్బ కావచ్చు. మళ్లీ పనికి వెళ్లేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, తలకు తుండుగుడ్డ మరువకండి.

పరమగీతములోని యువతి ఇతరుల ద్రాక్షతోటలకు కావలి కాసి ఎండకు నల్లబడింది. తన తోటను మాత్రం కాచుకోలేకపోయింది. మన ఇళ్లలో తల్లులూ అంతే. అందరి ఆకలీ చూస్తారు, తమ మంటను కొంగు కింద దాచుకుంటారు. ఈ సాయంత్రం అమ్మ పొలం నుండి రాగానే, అన్నం అడగకముందే, ఆమె మెడ మీద మెల్లగా చెయ్యి వేసి చూడండి.