చినిగిన గొంతు

కారులో పాట వినుటకు సయితము నేర్పు కావలయునా యని మీరు నవ్వవచ్చును. మొన్నమొన్నటి వరకు నేనును నవ్వినదాననే.

మా అత్తగారు నెలకొకమారు తనకల్లునుండి కదిరికి నరసింహస్వామి దర్శనమునకు పోవుదురు. వారికి డెబ్బదియెనిమిదేండ్లు, చెవి మందగించినది. 1974లో కన్నుమూసిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీతను దారిపొడుగున వినవలయునని వారి కోరిక. "వినబడుట లేదమ్మాయీ" యన్నపుడెల్ల మావారు శబ్దము పెంచెడివారు. పెంచినకొలది మాట యణగి మ్రోత మిగిలెడిది. ఒక దుకాణమున నడిగి పెద్ద ఆంప్లిఫయరొకటి పెట్టించితిమి. బాధ యెక్కువయ్యెనే గాని తగ్గలేదు. ఒకనాడామె కన్నీరు నించి "ఆ మహానుభావుని గొంతు చినిగిపోయినదే!" యనిరి. వెనుక కూర్చున్న మా నాలుగేండ్ల మనుమడు రెండు చెవులును మూసికొని యుండెను.

విద్యుత్తు పని తెలిసిన మా తమ్ముడు వచ్చినపుడు ఈ సంగతి చెప్పితిని. "అక్కా, చెరువులో నీరు మరవకంటె నెత్తున నిలుచునా?" యని యతడడిగెను. కారు బాటరీ 12 వోల్టులది; ఇంజను నడచునపుడు సుమారు 14. ఆ హద్దులో పనిచేయు మామూలు స్టీరియో, పెట్టెమీద 50 వాట్లని వ్రాసియున్నను, నాలుగు ఓముల స్పీకరునకు చెడకుండ నందించునది యించుమించు 20 వాట్లే. అంతకుమించి యడిగితిమా, ధ్వనితరంగముల కొనలు తెగి చదునగును. ఆ తెగుటయే మన చెవికి బరబరయని వినవచ్చును.

మరి పెద్ద ఆంప్లిఫయరునకు శక్తి గలదు గదా యంటిని. దాని గెయిన్ మరను తుదవరకు త్రిప్పియుండిరట. అది శబ్దము పెంచు మర కాదు. స్టీరియోనుండి వచ్చు ధ్వనికి ఆంప్లిఫయరును సరిపుచ్చు మర. పైగా శక్తిని రెట్టింపు చేసినను పెరుగునది 3 డెసిబెళ్లే. రెండింతలు బిగ్గరగా తోచుటకు ఇంచుమించు పదింతల శక్తి కావలయును.

అతడు క్రొత్తగా నేమియు కొనలేదు. గెయిన్ తగ్గించెను. శక్తిలో పెద్దపాలు మ్రింగెడి బేసును తగ్గించెను. తలుపులోని రంధ్రములు మూసి, వదులైన రేకులు బిగించెను. ఫోనులోని శబ్దమును నిండుకు కొంచెము తక్కువగా నుంచి, స్టీరియోను మెల్లగా పెంచుచు, గొంతు చినుగు చోటు కనిపెట్టి, దానికి రెండు మెట్లు క్రిందనే యాపుమనెను. అత్తగారిని ముందుసీటున కూర్చుండబెట్టి, ధ్వనిని ముందు స్పీకర్లకు మరల్చి, కిటికీలు మూయించెను.

అతడు చెప్పిన మరియొక మాట నా మనస్సున నాటుకొన్నది. వృద్ధాప్యమున ముందుగా తగ్గునది సన్నని ధ్వనుల వినికిడి. స, శ వంటి యక్షరముల స్పష్టత వానిలోనే యున్నది. బేసు పెంచినచో నది వానిని కప్పివేయును. పసివారి చెవులకో, మితిమీరిన శబ్దమే హాని. 85 డెసిబెళ్ల శబ్దమును పెద్దవారికే దినమునకు 8 గంటలకంటె మించనీయరాదందురు. 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిమారు ఆ కాలము సగమగును.

తరువాతి నెల కదిరికి పోవునపుడు శబ్దము మునుపటికంటె తక్కువే. వేరుసెనగ చేలు దాటుచుండగా అత్తగారి పెదవులు శ్లోకముతోపాటు కదలుట చూచితిని. మనుమడు నిదురపోయెను. "నేడు ఆయన గొంతు బాగున్నదే యమ్మాయీ!" యని యామె నవ్విరి.

ఆ మాట విన్నపుడు నాకు సిగ్గు కలిగెను. ఇంటిలో నేనును ఆమెతో నట్లే కేకలు వేయుచుంటిని గదా! ఆమెకు కావలసినది పెద్ద శబ్దము కాదు, తేటయైన మాట. ఇప్పుడు ఎదుట కూర్చుండి, నా ముఖము కనబడునట్లు, నెమ్మదిగా మాటలాడుచున్నాను. ఆమె "ఏమీ?" యని మరల నడుగుట అరుదైనది.