పంతులమ్మ పట్టము

ఆడుపిల్లకు చదువెందులకని యడుగు దినములు మన సీమలోను గతించినవి. ఇప్పుడు పెండ్లిచూపులకు వచ్చినవారే "అమ్మాయి బి.ఎడ్. చేసినదా?" యని యడుగుచున్నారు. సంతోషమే. కాని యా పట్టము వెనుక నెంత చదువున్నదో, ఎన్ని గడపలు దాటవలెనో, అది దేనికి చెల్లునో దేనికి చెల్లదో గృహములలో నెరిగినవారు తక్కువ. ఎరుగక చేసిన యేర్పాటులవలన బాలికల యేండ్లు వ్యర్థమగుచున్నవి. కావున మా యింట జరిగినదియు, మేము విచారించి తెలిసికొన్నదియు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మన జేజమ్మల కాలమున పెద్ద తరగతుల ఉపాధ్యాయ శిక్షణమునకు మద్రాసు ముఖ్యస్థానముగ నుండెను. అచ్చట 1856లో నెలకొని పిమ్మట సైదాపేటకు మారిన కళాశాలయు, 1922లో స్త్రీలకై వెలసిన లేడీ విల్లింగ్డన్ కళాశాలయు నుండెడివి. దత్తమండలములనుండి యంతదూరము పిల్లను పంపు తల్లిదండ్రు లెందరుందురు? పిమ్మట 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1981లో అనంతపురమున శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమును ఏర్పడినవి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయము 2006లోను, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయము 2008లోను స్థాపితములు కాగా, పట్టము మన వాకిటికే వచ్చినది. దూరము తగ్గినది, చిక్కులు మాత్రము తగ్గలేదు.

మొదట తెలియవలసినది, దారులు రెండని. ఇంటర్మీడియటు పిమ్మట డీసెట్ వ్రాసి రెండేండ్లు చదువు డి.ఎల్.ఎడ్. ఒకటి, ఒకటినుండి యైదు తరగతుల చిన్నపిల్లలకు చెప్పుట కది యుద్దేశింపబడినది. డిగ్రీ పిమ్మట ఎడ్‌సెట్ వ్రాసి చేరు బి.ఎడ్. రెండవది, అది పై తరగతులకు. బి.ఎడ్. మున్ను ఒక్క యేడే. 2014 నాటి నియమములచే 2015 నుండి రెండేండ్లైనది. డిగ్రీలో నూటికి ఏబది మార్కులు, రిజర్వేషను గలవారికి నలువది యుండవలెను. పెద్ద చదువు గలది చిన్న తరగతులకు చెప్పరాదా యని పలువురనుకొందురు. 2018లో బి.ఎడ్. వారికి ప్రాథమిక తరగతులకును అనుమతి యిచ్చిన మాట నిజమే. కాని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ యనుమతిని కొట్టివేసినది. చిన్నబిడ్డకు అక్షరము దిద్దించుట వేరొక విద్యయని దాని భావము. మా పొరుగింటి కోడలు బి.ఎడ్. చదివి, ప్రాథమిక పాఠశాలలో నుద్యోగమునకే యేండ్లతరబడి పుస్తకములు ముందు వేసికొని కూర్చున్నది. ఆ తీర్పు నాటి సాయంకాల మామె పొయ్యి వెలిగింపలేదు.

మా ఆడబిడ్డ గణితముతో బి.ఎస్సి. ముగించి ఎడ్‌సెట్‌లో అర్హత పొందినది. అంతట నొక మధ్యవర్తి మా యింటికి వచ్చి, "కాలేజీకి రానక్కరలేదు. పరీక్షలప్పుడొస్తే చాలు. హాజరు మేము చూసుకుంటాం" అని, అందుకు వేరుగ సొమ్మడిగెను. ఆ కళాశాల పేరు చెప్పనొల్లము. మా మామగారికి మాట నచ్చినది. "ఇంటికాడ కూర్చుంటే పట్టా వస్తాదంటే బస్సుఛార్జీలెందుకమ్మా?" అనిరి. అత్తగారి భయము వేరు; పొద్దున పోయి మునిమాపునకు వచ్చు పిల్లనుగూర్చి నలుగురు నాలుగు మాటలందురని. ఆడబిడ్డ మాత్రము తలవంచుకొని, "నాకు పిల్లల ముందర నిలబడాలంటే భయం వదినా. ఆ భయం పోయేది అక్కడేగదా" అన్నది.

మే మామాటనే పట్టుకొంటిమి. "మామా, వంటరాని పిల్లకు వంట వచ్చునని కాగితము వ్రాసియిచ్చిరనుకొందము. రేపు పదిమంది పంక్తిలో కూర్చున్నప్పుడు ఆ కాగితము వడ్డించునా?" యంటిమి. ఆయన బదులు పలుకలేదు. రెండు దినములు గడచిన పిమ్మట తామే పోయి బస్సుపాసు తెచ్చిరి. నాటినుండి యామె రొట్టెయు చెనిక్కాయల పొడియు మూటగట్టుకొని యేడు గంటల బస్సునకు పోవుచుండెను. మేమొక గంట ముందు లేచితిమి; అంతియే మాకు కలిగిన కష్టము.

హాజరు చిన్న సంగతి కాదు. ఏటికి రెండువందల పనిదినములును, తరగతులకు నూటికి ఎనుబది, బడిలో చేయు అభ్యాసమునకు తొంబది హాజరును ఉండవలెనని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నియమము. రెండేండ్లలో నిరువది వారములు నిజమైన బడిలో, నిజమైన పిల్లలయెదుట గడుపవలెను. మా ఆడబిడ్డకు కర్నూలు పడమటి మండలములలో నొక పల్లెబడి దొరకినది. ఆ ప్రాంతపు కుటుంబములు పంట లేని నెలలలో గుంటూరు మిరపతోటలకు కూలికి పోవుట సోదరీమణులెరుగుదురు. తల్లిదండ్రులతో పోయి రెండు నెలలకు తిరిగివచ్చిన యేడవ తరగతి పిల్ల యొకతె వెనుకబెంచీలో మౌనముగ కూర్చుండెడిదట. మా ఆడబిడ్డ రాత్రియంతయు మేలుకొని వ్రాసిన భిన్నముల పాఠమును చక్కగ నొప్పజెప్పినది. వెనుక కూర్చుండి చూచుచున్న అధ్యాపకురాలు తరువాత పిలిచి, "పాఠం బాగుంది. కాని ఆ పిల్ల నిన్నటి పాఠానికి లేదు గదమ్మా" యనిరట. మరునా డామె తన జొన్నరొట్టెను తీసికొనిపోయి, ఆ పిల్లచేతనే సగములుగను పాతికలుగను త్రుంపించి మొదటినుండి చెప్పినది. ఇంటికి వచ్చి, "వదినా, ఈరోజు ఆ పిల్ల నోరు విప్పింది" అని చెప్పునప్పటి యామె ముఖము మాకిప్పటికి కన్నులగట్టినట్లున్నది. ఇంట కూర్చున్నచో ఈ పాఠ మామెకు చెప్పువారెవరు?

పట్టము చేతికి వచ్చినంతమాత్రమున నుద్యోగము రాదు. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన పిమ్మట, ఎనిమిదవ తరగతివరకు చెప్పువారికి టెట్ అను అర్హతపరీక్ష విధిగ నేర్పడినది. మన రాష్ట్రమున 150 మార్కులకు సామాన్యవర్గమువారికి నూటికి అరువది, వెనుకబడిన తరగతులవారికి ఏబది, ఎస్.సి., ఎస్.టి. వారికి నలువది రావలెను. మున్నేడేండ్లకే చెల్లిన యీ యర్హత, 2021 నాటి నిర్ణయముచే జీవితాంతము చెల్లునదైనది. ఆపైన డి.ఎస్సి. అందు టెట్ మార్కులకు నూటికి ఇరువది పాలును, ఆ పరీక్షకు ఎనుబది పాలును లెక్క. 2018 ప్రకటన పిమ్మట 2024లో వెలువడినది సాగలేదు. 2025 ఏప్రిల్‌లో 16,347 ఉద్యోగములకు ప్రకటన వచ్చినది. నడుమ నిన్నేండ్లు వయసు ఆగునా? మా ఆడబిడ్డ టెట్‌లో రెండవసారి గెలిచినది, డి.ఎస్సి.లో ఎంపిక కాలేదు.

బంధువులు, "రెండేండ్లు బస్సుల్లో తిరిగి ఏం సంపాదించింది?" అనుచున్నారు. ఆమె యిప్పుడొక ప్రైవేటు బడిలో చెప్పుచున్నది, జీతము స్వల్పము. సంబంధములు వచ్చుచున్నవి. "రాబోవు డి.ఎస్సి. వరకు చదువుకొననిత్తురా?" యని యామె యడుగుచున్నది. ఒక సంబంధము ఆ ప్రశ్నతోనే వెనుకకు పోయినది. అత్తగారు రెండు దినములు సరిగ భోజనము చేయలేదు. ఐనను మూడవనాడు, "అడగనీలే. ముందే తెలిసింది మేలు" అనిరి. ఒకనాడు నలుగురి మాటలకు వెరచిన యామె నోట నీ మాట వినుట మాకు గొప్పయే.

మైదుకూరు ప్రాంతమున పనిచేయుచున్న మా అక్కగారి కథ వేరు. టెట్ పుట్టకమున్నే యుద్యోగమున చేరిన యామె, నలువది యెనిమిదేండ్ల ప్రాయమున మరల పుస్తకము పట్టినారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, సర్వీసు అయిదేండ్లకు మించి మిగిలిన ఉపాధ్యాయులు రెండేండ్లలో టెట్ గెలువవలెనని తీర్పు చెప్పినది. సెలవులలో వారు మా యింటికి వచ్చినప్పుడు, ఆడబిడ్డ వారికి లెక్కలు చెప్పును. వారామెకు తరగతి నడుపు నేర్పు చెప్పుదురు. ఒకరికి చదువు క్రొత్త, ఒకరికి పని ప్రాత. రెండును కూడిననే ఉపాధ్యాయిని.

ఇంకను పైకి పోగోరువారికి ఎం.ఎడ్. కలదు. బి.ఎడ్. కళాశాలలో బోధింపవలెనన్న, దానితోపాటు తన విషయమున పి.జి. పట్టమును వలయును. కాని యా మెట్టెక్కుటకు మున్ను బడిలో కొన్నేండ్లు సుద్దముక్క పట్టుట మేలని మా తలంపు.

కావున, తల్లులారా, అత్తలారా, మీ పిల్ల ఇంటర్మీడియటులో నున్నప్పుడే చిన్నపిల్లలకు చెప్ప నిష్టమో, పెద్దవారికి చెప్ప నిష్టమో యామెనే యడుగుడు. కళాశాలకు విద్యామండలి గుర్తింపును, విశ్వవిద్యాలయపు అనుబంధమును ఉన్నవో లేవో సొమ్ము కట్టుటకు మున్నే విచారింపుడు. రానక్కరలేదని చెప్పు కళాశాలవైపు పోకుడు. అన్నిటికంటె ముఖ్యముగ, ఆ రెండేండ్లు ఇంటిపనినుండి పిల్లకు తీరిక యిండు. రేపు మన బిడ్డలే యెవతె యెదుటనో బెంచీలపై కూర్చుందురు. ఆ పంతులమ్మ బడికి పోయి నేర్చినదై యుండవలెనని కోరుకొందుము గదా. మన యింటి పిల్లనుగూర్చియు నట్లే కోరుకొందము.