పొల్లు పోయిన ఊరి పేరు

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతా వార్తలకెక్కింది. అప్పుడు నేను ఇంజినీరింగ్‌లో ఉన్నా. 'జ్ఞా' ఉన్న మెసేజ్ వస్తే ఐఫోన్‌లో యాప్ ఠక్కున మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అంతే. నిజానికి మనం మామూలుగా రాసే 'జ్ఞానం'తో ఏ గొడవా లేదు. 'జ్ఞ'కూ దీర్ఘానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని గుర్తు దూరితేనే ఆ తంటా. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ కొన్ని కూర్పులకు ఇదే జరిగింది, పేరు మాత్రం తెలుగుకొచ్చింది! ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది.

ఏడాదిన్నర తర్వాత నేను చేరిన మొదటి కంపెనీలో సరుకు రవాణా యాప్ మీద పని. వర్ధన్నపేటలో విత్తనాల కొట్టు నడిపే మా బాపు కూడా అదే వాడేవాడు. ఒకరోజు ఫోన్ చేసి, "ఏంది బిడ్డా, మీ యాప్‌ల ఊర్ల పేర్లు గిట్ల అతుక్కపోతున్నయ్? డ్రైవర్ సదువలేకపోతున్నడు" అన్నాడు. స్క్రీన్‌షాట్ చూస్తే స్టేషన్‌ఘన్‌పూర్ కాస్తా 'స్టేషన్ఘన్పూర్', జఫర్‌గఢ్ 'జఫర్గఢ్' అయి కూర్చున్నాయి.

వెతికితే దొరికింది. 2018లో ఎవరో మా మెసేజింగ్ లైబ్రరీలో, పంపే ప్రతి మెసేజ్ నుంచీ ఆ కనిపించని గుర్తును తీసేయమని రాశారు. ఆ వారానికి అది సరైన పనే, తప్పు పట్టను. కానీ ఏ ఫోన్, ఏ వెర్షన్ అన్న షరతే లేదు. బాపుది ఆండ్రాయిడ్. జబ్బు లేని ఫోన్‌కు మందు! పైగా ఆ గుర్తు మనకు పనికిమాలిందేం కాదు. 'న్' పొల్లుగా నిలబడాలన్నా, పక్క అక్షరం దాని కింద ఒత్తుగా మారకుండా ఉండాలన్నా అదే ఆధారం. 'సాఫ్ట్‌వేర్' అని రాయాలన్నా అదే కావాలి.

"11.2.6 కంటే పాతదైతేనే తీసెయ్ అని ఒక లైన్ పెడితే సరి" అన్నారు టీమ్‌లో. సరిపోదు. పడిపోయేది పంపేవాడి ఫోన్ కాదు, చదివేవాడిది. అందుకే పంపేటప్పుడు ముట్టుకోవడం మానేసి, చూపించేటప్పుడు, ఆ పాత ఐఫోన్లలోనే, అదీ ఒత్తుకూ గుణింతానికీ మధ్య దూరిన గుర్తునే తీసేలా మార్చా. పరీక్షించడానికి అప్‌డేట్ చేయని ఐఫోన్ దొరకబుచ్చుకోవడమే అసలు కష్టం. సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర అలాంటిది ఎందుకుంటది!

తర్వాత మా యాప్ ఐఓఎస్ 11ను వదిలేసిన రోజు, షరతు పక్కనే రాసి ఉంది కాబట్టి, ఎవరినీ అడగకుండా ఆ ముక్క మొత్తం తీసేశాం. పాత మెసేజ్‌లలో మాత్రం 'స్టేషన్ఘన్పూర్' అలాగే ఉండిపోయింది. గుర్తు ఎక్కడెక్కడ పోయిందో కంప్యూటర్‌కు తెలియదు కదా.