టెక్సోమా సరస్సు దారిలో

అమెరికాలో టెక్సాస్, ఒక్లహోమా రాష్ట్రాల సరిహద్దున 1944లో పూర్తయిన డెనిసన్ ఆనకట్ట వలన ఏర్పడినదే టెక్సోమా సరస్సు. సెలవు దినాలలో అక్కడికి కుటుంబాలు కార్ల వెనుక ట్రైలర్లపై పడవలను లాగుకొని వెళ్లుట మేము చూచితిమి.

మధ్యరకం ఎస్.యు.వి.లలో అనేకం 5,000 పౌండ్లు, అనగా సుమారు 2,270 కిలోల వరకే లాగగలవు. పడవే కాదు, ట్రైలరు, పెట్రోలు, సామాను కూడ ఆ లెక్కలోనివే. సాధారణంగా ఆ బరువులో 10 నుండి 15 శాతం కారు కొక్కెంపై ఆనాలి. ఎడ్లబండిలో బరువు వెనుకకు పడితే కాడి పైకి లేస్తుంది గదా! ఇక్కడైతే ట్రైలరు అటూఇటూ ఊగుతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు వేయరాదు. యాక్సిలరేటరు వదలి, స్టీరింగు తిన్నగా పట్టుకోవాలి.

బరువు చూడక బయలుదేరినవారు తమ పిల్లలనే గాక ఎదుటి బండిలోని పిల్లలను కూడ అపాయమునకు గురిచేయుదురు.